క్లీన్ కొడితే పోయే జబ్బులు

నాచారం పారిశ్రామికవాడలో మా ఆఫీసు ఒక లేత్ వర్క్‌షాప్ పై అంతస్తు. కింద ఇనుము కోస్తుంటే పైన టేబుల్ మీద చాయ్ గ్లాసు సన్నగా వణికేది. పాతికేళ్ళు అక్కడ కూర్చుని కరెంటు మీటర్లలో నడిచే ప్రోగ్రాములు రాశాను, రాయించాను. ఈ మధ్య తప్పుకుంటూ కుర్రాళ్ళకు అన్నీ అప్పజెప్పాను: సర్క్యూట్ బొమ్మలు, సోర్స్ కోడ్, టెస్ట్ రిపోర్టులు. అన్నీ శ్రద్ధగా విన్నారు. ఒక్క ఫైలు తెరిచేసరికి మాత్రం, "అది పని చేస్తోందిగా సార్, ముట్టుకోకపోతే మంచిది" అన్నారు.

అది మేక్‌ఫైల్. ప్రోగ్రాములో ఏ ముక్క దేని మీద ఆధారపడింది, ఏది మారితే దేన్ని మళ్ళీ కంపైల్ చేయాలి, చివరికి అన్నిటినీ ఏ వరుసలో అతికించాలి అని చెప్పే ఫైలు. రోజుకు యాభైసార్లు అందరూ దాన్ని నడుపుతారు. చదివేవాడు మాత్రం ఉండడు. ఆ రోజు చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను. నంబర్లు వేశాను గానీ అన్నీ ఒకే బరువున్నవి కావు.

1. క్లీన్ కొడితే పోయిందంటే, జబ్బు పోలేదు.

ఒకరోజు టెస్ట్ బెంచ్ మీద పెట్టిన కొత్త మీటరు, బల్బు వెలిగించగానే, 65,53,600 యూనిట్లు చూపించింది. ఫ్యాక్టరీ గడప దాటని మీటరు అది.

జరిగింది ఇది. మీటర్ డాట్ హెచ్ అనే హెడర్ ఫైల్లో ఒక స్ట్రక్చర్ ఉంది. మొదట వోల్టేజికి రెండు బైట్లు, కరెంటుకు రెండు, ఆ వెనక యూనిట్ల లెక్కకు నాలుగు. పవర్ ఫ్యాక్టర్ కూడా కావాలని ఒక కుర్రాడు మధ్యలో ఇంకో రెండు బైట్లు దూర్చాడు. కొలతలు తీసే ఫైలు కొత్తగా కంపైల్ అయింది. డిస్‌ప్లే ఫైలు కాలేదు. అది ఆ హెడర్‌ను వాడుకుంటోందని మేక్‌ఫైల్లో ఎవరూ రాయలేదు మరి. దాంతో కొలిచేవాడు యూనిట్లను ఆరో బైటు నుంచి రాస్తున్నాడు, చూపించేవాడు నాలుగో బైటు నుంచే చదువుతున్నాడు. అక్కడున్నది పవర్ ఫ్యాక్టర్. బల్బు లోడు కాబట్టి దాని విలువ ఒకటి. మేం దాన్ని వందతో హెచ్చించి దాచేవాళ్ళం. ఆ వంద వెళ్ళి పై రెండు బైట్లలో కూర్చుంది. 65,536ను వందతో గుణించి చూడండి.

మేము గుణించలేదు. "క్లీన్ కొట్టి మళ్ళీ బిల్డ్ చెయ్" అన్నారెవరో, అంటే కంపైలై ఉన్నవన్నీ తుడిచేసి మొదట్నుంచి తయారు చేయమని. కొట్టాం, పోయింది, అందరం చాయ్‌కి దిగాం. మూడు వారాల తర్వాత ఇంకో స్ట్రక్చర్లో అదే జబ్బు మళ్ళీ వచ్చింది. ఈసారి అంకె ఇంత నాటకీయంగా లేదు, నిజమే అనిపించేలా ఉంది. దాన్ని పట్టుకోవడానికి నాలుగు రోజులు పట్టింది.

అసలు మేక్‌ఫైల్‌ను చదివి నడిపించే మేక్ అనే ప్రోగ్రాము పుట్టిందే ఈ బాధలోంచి. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ దాన్ని రాశాడు. యాక్ అనే ప్రసిద్ధ టూల్ రాసిన స్టీవ్ జాన్సన్ అంతటివాడు కూడా, కోడ్ సరిదిద్దాక ఒక ఫైలు మళ్ళీ కంపైల్ కాలేదని గమనించక, తప్పులేని ప్రోగ్రాములో తప్పు వెతుకుతూ ఒక పూట పోగొట్టుకున్నాడు. ఆ వారాంతంలోనే మేక్ తయారైంది. ఆ పనికే 2003లో ఫెల్డ్‌మన్‌కు ఏసీఎమ్ సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు వచ్చింది. ఆ పూట పోగొట్టుకోవడాన్ని మాత్రం మనం ఇంకా మానలేదు. క్లీన్ కొట్టాల్సి వచ్చిన ప్రతిసారీ మేక్‌ఫైల్ ఎక్కడో అబద్ధం చెప్పిందని అర్థం. క్లీన్ కొడితే ఆ అబద్ధం దొరికే అవకాశం కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

2. ట్యాబ్ ట్యాబే, ఎనిమిది ఖాళీలు ఎనిమిది ఖాళీలే.

మేక్‌ఫైల్లో ఆదేశం వరుస ట్యాబ్‌తో మొదలవ్వాలి. కంటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి, మేక్‌కి మాత్రం కావు. ఇది పొరపాటని ఫెల్డ్‌మన్‌కు తొందరగానే తెలిసింది. అప్పటికే ఓ డజను మంది వాడుతున్నారట, వాళ్ళకు ఇబ్బంది ఎందుకని వదిలేశాడు. ఆ డజను మంది మొహమాటానికి యాభై ఏళ్ళుగా ప్రపంచమంతా కప్పం కడుతోంది. ఈమెయిల్లోంచో వాట్సాప్‌లోంచో మేక్‌ఫైల్ ముక్కలు కాపీ చేయకండి. ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

3. మొండి కంపైలర్‌కు ఒక గది ఇచ్చి, ఒక మనిషిని అప్పజెప్పాలి.

పెళ్ళిళ్ళలో అలిగే మేనమామ ఒకాయన ఉంటాడు. ఆయనకు కాఫీలో చక్కెర ఉండకూడదు, ఫ్యాన్ కింద కుర్చీ కావాలి, ముందు తనను పిలవాలి. తెలివైన ఇల్లు ఏం చేస్తుంది? ఆయన సంగతి తెలిసిన ఒక్క మనిషిని పక్కన పెడుతుంది. మిగతా వందమందీ ఆయన గొడవ తెలియకుండానే పెళ్ళి చేసుకుపోతారు.

చిన్న చిప్‌ల కంపైలర్లు చాలావరకు ఆ మేనమామలే. జీసీసీతో పెరిగిన పిల్లలకు ఇది తెలియదు. 8051 చిప్‌కు మా పరిశ్రమలో అందరూ వాడే కైల్ సీ51నే తీసుకోండి. పని ముగిశాక అది తిరిగిచ్చే అంకెలు నాలుగు: ఏమీ లేకపోతే 0, హెచ్చరికలు మాత్రమే ఉంటే 1, తప్పులుంటే 2, ఇక ముందుకు పోలేనంటే 3. మేక్ దృష్టిలో సున్నా కానిదేదైనా ఓటమే. కాబట్టి ఒక వేరియబుల్‌ను వాడకుండా వదిలేశావన్న చిన్న హెచ్చరిక వచ్చినా బిల్డ్ ఆగిపోతుంది. ఇందులో కంపైలర్ తప్పేం లేదు, మాన్యువల్లో రాసే ఉంది. చదవనిది మేము. ఆగిపోతోందని మావాడొకడు మేక్‌ఫైల్లో ప్రతి కంపైల్ వరుస ముందూ మైనస్ గుర్తు పెట్టాడు, అంటే తప్పొచ్చినా పట్టించుకోవద్దని. బిల్డ్ హాయిగా సాగింది. నిజం తప్పులతో కూడా సాగింది. పాత ఆబ్జెక్ట్ ఫైళ్ళు అతుక్కుని, నిన్నటి ప్రోగ్రామ్ ఇవాళ్టి పేరుతో బయటికొచ్చింది.

దానికి మందు, కంపైలర్‌ను నేరుగా పిలవకుండా మధ్యలో ఒక చిన్న బ్యాచ్ ఫైలు పెట్టడం. 1 వస్తే దాన్ని 0 చేసి హెచ్చరికలను ఒక ఫైల్లో పోగు చేస్తుంది. 2 గానీ 3 గానీ వస్తే అలాగే పైకి పంపుతుంది. బ్యాచ్ భాషలో "ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 2" అంటే రెండుకు సమానమని కాదు, రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ అని. అదింకో మేనమామ.

ఇక డిపెండెన్సీలు. జీసీసీ అయితే ఒక ఆప్షన్ ఇస్తే చాలు, ఏ ఫైలు ఏ హెడర్లను పిలుస్తోందో తనే మేక్ భాషలో రాసిస్తుంది. అలా రాసివ్వని కంపైలర్‌తో చచ్చినట్టు చేత్తో రాసుకోవాలనుకున్నాం చాలాకాలం. మొదటి పాఠంలో మీటరు కొంప ముంచింది ఆ చేతిరాతే. తర్వాత తెలిసింది, జీసీసీని అరువు తెచ్చుకోవచ్చని. దానికి 8051 కోడ్ తయారు చేయడం రాదు. అక్కర్లేదు కూడా. మైనస్ ఎమ్ఎమ్ ఆప్షన్ ఇస్తే అది ఇన్‌క్లూడ్ లాంటి ప్రీప్రాసెసర్ వరుసలు మాత్రమే విప్పి చూస్తుంది, భాషలోకి దిగదు. ఎస్‌బిట్ లాంటి 8051 మాటలు ఎదురైనా కంగారుపడదు. మూడు సంగతులు గుర్తుంచుకుంటే చాలు: అసలు కంపైలర్ హెడర్లున్న ఫోల్డర్ చూపించాలి, అది తనంతట తాను నిర్వచించుకునే మ్యాక్రోలను మనం చేత్తో ఇవ్వాలి, ఆబ్జెక్ట్ ఫైలు తోక డాట్ ఓ కాదు డాట్ ఓబీజే అని మైనస్ ఎమ్‌టీతో చెప్పాలి.

ఫైళ్ళు వంద దాటాక లింకర్ పిలుపు వరుస మరీ పొడుగైపోతుంది. పాత డాస్‌లో వరుసకు 127 అక్షరాలు దాటడానికి లేదు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో 8,191. జాబితాను ఒక ఫైల్లో రాసి, ముందు ఎట్ గుర్తు పెట్టి ఆ ఫైలు పేరు ఇస్తే లింకర్ చదువుకుంటుంది. 2013లో వచ్చిన జీఎన్‌యూ మేక్ 4.0 నుంచి ఆ ఫైలును మేక్ తనే రాయగలదు. అంతకుముందు మేము ఎకోలతో పడిన పాట్లు వద్దులెండి.

ఇవన్నీ ఒకే ఫైల్లో, ఒకే ఫోల్డర్లో ఉండాలి. కంపైలర్ పేరు మేక్‌ఫైల్లో నలభై చోట్ల కనిపిస్తోందంటే మేనమామ ఇల్లంతా తిరుగుతున్నాడన్నమాట.

4. అర్థం కాని వరుస పక్కన కారణం రాసి పెట్టాలి.

8051లో వేరియబుళ్ళకు లోపలి మెమరీ 128 బైట్లు. కిలోబైట్లు కాదు, బైట్లు. అందుకని లింకర్ ఒక గడుసు పని చేస్తుంది. ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తుందో చెట్టు గీసుకుని, ఒకదాన్నొకటి ఎప్పుడూ పిలుచుకోని ఫంక్షన్ల లోకల్ వేరియబుళ్ళను ఒకే చోట సర్దుతుంది. పగటి డ్యూటీవాడికీ రాత్రి డ్యూటీవాడికీ ఒకే మంచం అద్దెకిచ్చినట్టు. అయితే ఫంక్షన్ పాయింటర్ ద్వారా పిలిస్తే ఆ పిలుపు లింకర్‌కు కనబడదు. అప్పుడు మనమే లింకర్ వరుసలో ఓవర్‌లే అనే ఆదేశంతో, "ఫలానావాడు ఫలానావాణ్ణి పిలుస్తాడు" అని చెప్పాలి.

మా మెనూ అంతా ఫంక్షన్ పాయింటర్ల మీదే నడిచేది. నేనే ఆ వరుస రాశాను, పక్కన ఒక్క ముక్క కూడా రాయలేదు. రెండేళ్ళ తర్వాత కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి మేక్‌ఫైల్ శుభ్రం చేస్తూ దాన్ని తీసేసింది. బిల్డ్ అయింది, మీటరు నడిచింది. మెనూలో తేదీ మారిస్తే మాత్రం బ్యాక్‌లైట్ సమయం మారిపోయేది. ఇద్దరూ ఒకే మంచం మీద పడుకున్నారు కదా. ఆ అమ్మాయి వారం పాటు సీ కోడ్ అంతా గాలించింది. తప్పు సీ ఫైళ్ళలో లేకపోతే వెతికేవాళ్ళకు మేక్‌ఫైల్ గుర్తుకే రాదు. ఆమెను ఏమీ అనలేకపోయాను, అనాల్సింది నన్ను. ఇప్పుడు ఆ వరుస పైన ఆరు వరుసల వ్యాఖ్య ఉంది. రాసింది ఆవిడే.

5. ఖాళీలున్న దారిలో కంపైలర్‌ను పెట్టకండి.

ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డర్ పేరులో ఖాళీ ఉంది. మేక్‌కి ఖాళీ వచ్చిందంటే ఒక పేరు అయిపోయి ఇంకో పేరు మొదలైనట్టే. డ్రైవ్ అక్షరం పక్కనున్న కోలన్ చూసి పాత మేక్‌లు ఇదేదో కొత్త లక్ష్యమనుకునేవి. అందరి కంప్యూటర్లలోనూ ఒకే చిన్న పేరున్న ఫోల్డర్లో టూల్స్ పెట్టించండి. ఆ ఒక్క నియమానికి కొత్తవాళ్ళు మొదటిరోజు గొణుగుతారు, రెండోరోజు నుంచి గుర్తుండదు.

6. కూడలికో కానిస్టేబుల్ ఉంటే ట్రాఫిక్ కదలదు.

సాయంత్రం ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర చూడండి. అక్కడి కానిస్టేబుల్ తన కూడలి ఖాళీ చేయడానికి బండ్లన్నిటినీ హబ్సిగూడ వైపు తోస్తాడు. హబ్సిగూడలో ఉన్నాయన నాచారం నుంచి వచ్చేవాళ్ళను ఆపి, వీటిని తార్నాక మీదికి తోస్తాడు. ఎవరి పని వాళ్ళు బాగానే చేశారు. మధ్యలో బస్సు మాత్రం నిలబడిపోయింది. 2017 నవంబర్లో నాగోలు నుంచి మెట్రో మొదలయ్యాక నేను పైనుంచి చూస్తూ పోయేవాణ్ణి. ఆ ఎత్తు నుంచి జామ్ ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రాజెక్టు పెరిగాక ఫోల్డర్‌కో మేక్‌ఫైల్ పెట్టి, పై మేక్ కింది మేక్‌లను వరుసగా పిలిచే పద్ధతి ఇలాంటిదే. ప్రతి మేక్‌కీ తన ఫోల్డర్ వరకే తెలుసు. కమ్యూనికేషన్ ఫోల్డర్లో తయారయ్యే హెడర్ మీద డిస్‌ప్లే ఫోల్డర్ ఆధారపడిందన్న సంగతి ఎవరి మ్యాపులోనూ ఉండదు. మా దగ్గర "మేక్ రెండుసార్లు కొట్టాలి" అనేది ఆచారమైపోయింది. ఎందుకు రెండుసార్లని అడిగినవాడు లేడు. ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ మిల్లర్ 1998లోనే ఈ పద్ధతి హానికరమంటూ పెద్ద వ్యాసం రాశాడు. మాకు అది పదేళ్ళు ఆలస్యంగా అందింది. చదివాక మార్చాం: ఫోల్డర్‌లో ఆ ఫోల్డర్ ఫైళ్ళ జాబితా మాత్రమే ఉంటుంది, వాటన్నిటినీ ఒకే మేక్ కలుపుకుని చదువుతుంది. మార్చడానికి రెండు వారాలు పట్టింది. ఆ తర్వాత రెండోసారి కొట్టినప్పుడు చేసేదేమీ లేదని మేక్ చెప్పింది. అది విని నేను పొందిన సంతోషం మా ఆవిడకు అర్థం కాలేదు.

7. మేక్ గడియారాన్ని నమ్ముతుంది, మీరు నమ్మకండి.

2012లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ఇచ్చిన కాలం గుర్తుందా? నాచారం, మల్లాపూర్ షెడ్లు వారంలో కొన్ని రోజులు చీకట్లో ఉండేవి. కరెంటున్న రోజున కూడా ఎప్పుడు పోతుందో తెలియదు. కంపైల్ మధ్యలో పోతే సగం రాసిన ఆబ్జెక్ట్ ఫైలు మిగిలేది. మనం మధ్యలో ఆపితే మేక్ ఆ సగం ఫైలును తుడిచేస్తుంది; కరెంటే పోతే తుడవడానికి మేక్ ఉండదు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు చూస్తే, ఆబ్జెక్ట్ ఫైలు సోర్స్ కన్నా కొత్తదే. మేక్ దాన్ని వదిలేసి ముందుకు పోతుంది, లింకర్ వచ్చి వింత భాషలో ఏడుస్తుంది. వేరే పేరుతో కంపైల్ చేయించి, పూర్తయ్యాక అసలు పేరు పెట్టించండి. ఆ పని కూడా మేనమామ గదిలోనే.

మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయిన కంప్యూటర్ ఒకటి ప్రతి ఆఫీసులోనూ ఉంటుంది. తేదీ పదేళ్ళు వెనక్కి పోతుంది, అక్కడ సేవ్ చేసిన ఫైళ్ళన్నీ పాతవేనని మేక్ తేల్చేస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఫ్యాట్ పద్ధతిలో సమయం రెండేసి సెకన్ల మెట్లలోనే నమోదవుతుంది. క్లాక్ స్క్యూ అన్న మాట తెర మీద కనబడిందంటే, అది హెచ్చరికే కదా అని వదలకండి, చేస్తున్న పని ఆపండి.

8. పాత మీటరును మళ్ళీ పుట్టించగలగాలి.

మీటరు గోడకెక్కిందంటే ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. ఎనిమిదో ఏట దాంట్లో తప్పుందని ఉత్తరం వస్తే, ముందు చేయాల్సింది తప్పు వెతకడం కాదు. అప్పటి సోర్స్‌తో, చిప్‌లోకి ఎక్కించిన అప్పటి హెక్స్ ఫైలునే, ఒక్క బైటు తేడా లేకుండా, మళ్ళీ తయారు చేసి చూపించడం. అది చేయలేకపోతే మీరు వెతుకుతున్నది ఏ ప్రోగ్రాములోనో మీకే తెలియదు.

మొదటిసారి ప్రయత్నించినప్పుడు మాకు పన్నెండు బైట్లు తేడా వచ్చింది. రెండు రోజుల కంగారు తర్వాత తేలింది: వెర్షన్ మెసేజ్‌లో డేట్ మ్యాక్రో పెట్టాం, ఏ రోజు బిల్డ్ చేస్తే ఆ తేదీ వచ్చి కూర్చుంటోంది. మిగిలిన తేడా హెక్స్ వరుస చివరి చెక్‌సమ్‌లది. అప్పట్నుంచి తేదీ తీసేసి వెర్షన్ నంబరును ఒక ఫైల్లోంచి తెస్తున్నాం.

కంపైలర్ వెర్షన్ కూడా దాచాలి. ఈసీఐఎల్‌లో టీడీసీ-316 కంప్యూటర్ మీద పని చేసి వచ్చిన పెద్దాయన ఒకరు మాకు మొదట్లో మేనేజర్. కంప్యూటర్‌కు పేపర్ టేపు తినిపించిన తరం. కంపైలర్ అప్‌గ్రేడ్ చేద్దామంటే ఆయన, "చెయ్యండి, పాతదాన్ని మాత్రం పాతిపెట్టకండి" అనేవారు. విసుక్కునేవాళ్ళం. లైసెన్స్ తాళం ప్యారలల్ పోర్టుకు తగిలించేది కాబట్టి, ఆ పోర్టున్న ఎక్స్‌పీ కంప్యూటర్‌తో సహా బీరువాలో పెట్టించారు. ఆయన రిటైరయ్యాక దాన్ని రెండుసార్లు బయటికి తీయాల్సి వచ్చింది. రెండుసార్లూ నడిచింది.

9. మేక్ పాతబడలేదా సార్ అని అడుగుతారు.

పడింది. సీమేక్ నేర్చుకోండి, నింజా వాడండి, వేగం మీకే తెలుస్తుంది. లైనక్స్ కెర్నల్ ఇప్పటికీ మేక్ మీదే బిల్డ్ అవుతోందని వాదించేవాణ్ణి, ఇప్పుడు వాదించడం లేదు. సీమేక్‌లో టూల్‌చెయిన్ ఫైల్ అని ఒకటుంటుంది, చూడండి. మేనమామ గదే, బోర్డు మారింది. అక్కడ కూడా, బిల్డ్ మధ్యలో తయారయ్యే ఫైళ్ళ డిపెండెన్సీని మీరు చెప్పకపోతే అది ఊహించదు. అన్ని కోర్లలోనూ ఒకేసారి కంపైల్ చేయించే ముందు మాత్రం ఒకటి చూసుకోండి. మాకు దొరికిన ఒక కంపైలర్ తాత్కాలిక ఫైలును ఎప్పుడూ ఒకే పేరుతో రాసేది. నాలుగు ఒకేసారి నడిపితే ఒకరి ముద్ద ఇంకొకరి కంచంలో పడింది. అలాంటిదాన్ని ఒక్కొక్కటిగానే నడపాలి.

సోమవారం ఆఫీసుకు వెళ్ళాక ఒక పని చేయండి. క్లీన్ జోలికి పోకండి. మీ ప్రాజెక్టులో అందరూ వాడే హెడర్ ఒకటి తెరిచి, ఒక ఖాళీ వరుస చేర్చి సేవ్ చేయండి. బిల్డ్ నొక్కి, ఎన్ని ఫైళ్ళు కంపైల్ అయ్యాయో లెక్కపెట్టండి. ఆ హెడర్‌ను నేరుగా గానీ ఇంకో హెడర్ ద్వారా గానీ పిలిచే ఫైళ్ళెన్నో విడిగా వెతికి రాసుకోండి. రెండు అంకెలూ కలవకపోతే, ఆ రోజు కొత్త కోడ్ రాయకండి.